బియ్యం తొట్టిలో బ్యాండు

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. పాత క్యాసెట్లు వెతికి పోగుచేయడం అతనికి సరదా అట. చిత్తు సామాన్ల అంగడిలో ఒక క్యాసెట్ దొరికిందనీ, దాని మీద నీలం సిరాతో "మసి, జనగామ" అని మా బ్యాండు పేరూ ఊరి పేరూ రాసి ఉందనీ, వాళ్లనూ వీళ్లనూ అడిగి నా నంబరు సంపాదించాననీ చెప్పాడు. "మీరు చేసినదాన్ని గోథిక్ రాక్ అంటారు మేడం. ఎనభైల్లో మన వైపు ఒక అండర్‌గ్రౌండ్ బ్యాండు ఉండేదంటే మావాళ్లెవరూ నమ్మడం లేదు" అన్నాడు. మొదటి మాట నేను ఎన్నడూ వినలేదు, చావు మీదా చీకటి మీదా పాడే పాటలట. రెండోది విన్నదే గాని, మా ప్రాంతంలో ఆ రోజుల్లో దాని అర్థం వేరు. ఇంట్లో ఎవరైనా అండర్‌గ్రౌండుకు పోయారంటే పోలీసులు వచ్చి అటక మీది బిందెలు కూడా దింపించి చూసేవాళ్లు. మేం దిగింది రైసుమిల్లులో సిమెంటు తొట్టిలోకి మాత్రమే అంటే అతను నవ్వాడు. మీ పాటలు ఎలా పుట్టేవి, మీ మీద ఎవరి ప్రభావం ఉంది అని అడిగాడు. తోచిందేదో చెప్పి పెట్టేశాను. అసలు జవాబు పొడుగు, ఫోన్లో చెప్పేది కాదు.

ఆ జవాబు అరవై తొమ్మిది నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు నాకు పదేళ్లు, మా అన్నకు పదిహేను. నాయిన జనగామ స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగి. మా క్వార్టర్ల వెనక వీధిలో ఒక అవ్వ ఉండేది. మాకు చుట్టమేం కాదు, వీధి మొత్తానికీ అవ్వే. ఆమెకు ఒక్కడే కొడుకు. కాలేజీలో చదివేవాడు, మౌతార్గాన్ వాయించేవాడు. మా అన్న పొద్దస్తమానం అతని వెంటే తిరిగేవాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మూలంగా బళ్లన్నీ మూతబడి మాకు ఆ ఏడంతా సెలవుల కిందే లెక్క. పట్నంలో ఊరేగింపుకు పొద్దుటి బండికి పోదామని ఇద్దరూ అనుకున్నారు. ఆ సంగతి నాయిన చెవిన పడింది. నాయిన కేకలు వేసే మనిషి కాదు. అన్న లేచేసరికి అతని రెండు ప్యాంట్లూ బకెట్లో సబ్బునీళ్లలో నానుతున్నాయి. నిక్కరుతో ఉద్యమానికి పోవడం అన్నకు నామోషీ అయింది. అవ్వ కొడుకు ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూస్తూ నిలబడి, చివరికి ఒక్కడే ప్యాసింజర్ ఎక్కాడు. నాయిన టికెట్ల కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ ఎక్కడమే ఎక్కడం, అతను మళ్లీ రాలేదు. తూటా తగిలిందని ఒకరన్నారు, జైల్లో చూశామని ఒకరన్నారు, బొంబాయి మిల్లుల్లో ఉన్నాడని ఇంకొకరు. శవం రాలేదు, ఉత్తరమూ రాలేదు.

అవ్వ శోకాలు తీయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఎవరింట్లో చావు జరిగినా, రఘునాథపల్లి నుంచీ స్టేషన్ ఘన్‌పూర్ నుంచీ కూడా ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. పోయినవాళ్ల గుణగణాలన్నీ రాగం కట్టి, ఒక్కొక్కటే తలుచుకుని ఏడ్చేది. ఆమె ఏడ్చాక ఆ ఇంట్లోవాళ్లకు కొంచెం ఊపిరి ఆడేది. అలాంటి మనిషి సొంత కొడుకు కోసం ఒక్క శోకం తీయలేదు. దానికేం కారణమో అప్పట్లో మేం ఆలోచించలేదు.

అన్న డిగ్రీ మధ్యలో వదిలేసి రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు. బదిలీ మీద పోతున్న ఒక రైల్వే గార్డు ఇంట్లో అడ్డంగా ఉందని ఇచ్చేసిన గిటారు అతనికి దొరికింది. ఎనభై రెండు ప్రాంతంలో గార్ల అన్న కలిశాడు. గార్ల దగ్గర తండా అతనిది, పట్టాల మీద గ్యాంగు పని, చేతిలో నగారా. పెళ్లిలో అందరూ నవ్వుతారు గదా, మా తండాలో పెళ్లికూతురు అత్తింటికి పోతూ ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాడి పాడి ఏడుస్తుంది అని అతను చెప్పినప్పుడు మా అన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మళ్లీ చెప్పమన్నాడు. బ్యాండు అప్పుడే పుట్టిందని నా అభిప్రాయం. మూడోదాన్ని నేను. ప్రైవేటు బళ్లో పాఠాలు చెబుతూ, సంబంధాలు చూస్తున్నారు గనుక హార్మోనియం నేర్చుకుంటున్న ఆడపిల్లను. ఆ హార్మోనియం చివరికి దేనికి పనికొచ్చిందో తెలిస్తే మా అమ్మ దాన్ని కొననిచ్చేది కాదు.

మా మేనమామకు మూతబడ్డ బాయిల్డ్ రైస్ మిల్లు ఒకటి ఉండేది. వడ్లు నానబెట్టే తొట్టి మనిషిన్నర లోతు. అందులో దిగి దగ్గినా సరే, ఆ దగ్గు నాలుగు గోడలూ తిరిగి పెద్దదై వచ్చేది. ఆదివారం మధ్యాహ్నాలు నిచ్చెన వేసుకుని దిగేవాళ్లం, హార్మోనియాన్ని తాడుతో దింపేవాళ్లం. గార్ల అన్న ఒక రైలు పట్టా ముక్కను వేలాడదీసి సుత్తితో కొట్టేవాడు. అన్న గిటారు ఒక చినిగిన స్పీకరులోంచి బొంగురుగా వచ్చేది. బాగుచేద్దామని విప్పి, అలాగే బాగుందని మళ్లీ బిగించేశాడు. ఇంగ్లీషు పాటలు షార్ట్ వేవ్‌లో వినేవాళ్లం. స్టేషను సరిగా అందక గొంతు దగ్గరికొచ్చి దూరమయ్యేది. పాడేవాళ్లు కావాలనే అలా పాడుతున్నారని అన్న గట్టిగా నమ్మాడు. అందుకే పాడేటప్పుడు మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి పోయి మళ్లీ ముందుకొచ్చేవాడు. ఫోన్ చేసినతను దాన్ని గొప్ప ప్రయోగం అన్నాడు. నేను కాదనలేదు. నల్ల చొక్కాలు కూడా అన్న ఆలోచనే. ఒకే గిన్నెలో రంగు కలిపి ముంచి వేసుకున్నాం. అది అయ్యప్ప దీక్షల కాలం కావడంతో బజార్లో ముసలివాళ్లు కూడా అన్నకూ గార్ల అన్నకూ దండం పెట్టి "స్వామీ" అనేవాళ్లు. రెండు వారాల పాటు వాళ్లు బీడీలు దాక్కుని కాల్చారు.

మాటలు తేవడం నా వంతు. అవ్వ చావు ఇళ్లకు పోతుంటే నేనూ తోడు పోయేదాన్ని. బడిపంతులమ్మ తోడుండటం ఆమెకు కొంచెం గొప్పగానే ఉండేది. లోపలికి పోయేముందు అవ్వ ఆ ఇంటి ఆడవాళ్లను అడిగేది: మనిషి ఏం ఇష్టంగా తినేవాడు, ఎవరితో పంచాయితీ ఉండేది, చివరిసారి ఏమన్నాడు. అంతే, ఇక అక్కడే కూర్చుని కట్టేది. "చెప్పులు వాకిట్లనే ఉన్నయి నాయినా, ఏ కాళ్లకు తొడగమంటవు" అని ఆమె ఒక రైతు కోసం ఏడ్చింది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంటికొచ్చి ఇవన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఏం రాస్తున్నావని ఒకసారి అడిగింది. మరిచిపోకుండా అన్నాను. అది అబద్ధం కాదు గాని, నిజమూ కాదు.

మొదటిసారి నలుగురి ముందు పాడింది మహబూబాబాదులో, ఒక కాలేజీ వార్షికోత్సవంలో. పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చి, మా అన్న భుజం మీద చెయ్యేసి, "ఇంట్ల ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. తిరుగు బండిలో అన్న మొహం వెలిగిపోతూ ఉంది.

ఆ ఊపులోనే అన్న ఆ పాట కట్టాడు. అవ్వ కొడుకు మీద. నా నోటుబుక్కులోంచి ఆమె ఇతరుల కోసం తీసిన శోకాలే ఏరుకుని, చరణానికొకసారి ఆ అబ్బాయి పేరు పెట్టాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే మేం చేసినవాటిలో అంత మంచి పాట లేదు. తొట్టిలోనే రికార్డు చేసి పన్నెండు క్యాసెట్లకు ఎక్కించి దోస్తులకు పంచాం. వారం తిరక్కుండానే స్టేషన్ ముందరి హోటల్లో ఎవరో అది పెట్టారు. అవ్వ అప్పుడు రోడ్డు దాటుతోంది.

ఆ ఆదివారం ఆమె మిల్లుకొచ్చింది. తొట్టి అంచు మీద చేతులు ఆన్చి లోపలికి చూసింది. మేం ముగ్గురం కింద ఉన్నాం.

"గా పాట పెట్టు" అంది.

అన్న పెట్టాడు. ఆమె కదలకుండా మొత్తం వింది. తర్వాత నా వైపు చూసింది. "నువ్వు రాసుకునేది గిందుకా బిడ్డా?"

నేను హార్మోనియం మూత వేశాను.

"నా శోకాలు తీసుకున్నరు. తీసుకోండ్రి, నేనేం కొనుక్కొచ్చినయి కావు. గని నా కొడుకు సచ్చిండని మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే అవ్వా" అన్నాడు అన్న.

"పద్నాలుగేండ్లాయె. ఒక్కనాడు ఏడ్వలే నేను. నేను ఏడిస్తే వాడు సచ్చినట్టె. ఊరందరి కోసం ఏడుస్తా వాణ్ని కాపాడుకుంటొచ్చిన. నువ్వు మైకుల సంపినవు గదరా."

అన్న గిటారు పక్కన పెట్టాడు. అప్పటిదాకా ఇంట్లో కూడా ఎన్నడూ ఎత్తని మాట ఎత్తాడు. "ఆ దినం నేను గూడ పోవాల్సి ఉండె అవ్వా. వస్తనని చెప్పిన. నా కోసం చూసిండట. నేను పోలే."

"ఎందుకు పోలే?"

"నాయిన నా ప్యాంట్లు తడిపిండు."

ఎవరమూ నవ్వలేదు. అవ్వ తొట్టి అంచు మీంచి చేతులు తీసింది. "మంచి పని చేసిండు మీ నాయిన" అంది. "నాకే తోచలే." వెళ్లబోతూ ఆగి, "పాట ఉండనీ. పేరు తీసెయ్యి" అని చెప్పి పోయింది.

పన్నెండు క్యాసెట్లూ వెనక్కి తెచ్చాం. ఘన్‌పూర్‌లో రెండు, గార్లలో మూడు, ఆరు జనగామలోనే. చిట్టచివరిది భూపాలపల్లిలో, బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో తేలింది. గార్ల అన్న బావమరిది అక్కడ పని. బస్సులు మారి మారి అడవిలో ఆ గుడారాలకు చేరేసరికి వాళ్లు ఆ క్యాసెట్‌ను అరగదీసి పెట్టారు. ఇవ్వడానికి ఇష్టపడలేదు. సంగతి చెబితే మారు మాట్లాడకుండా ఇచ్చారు. ప్రతి క్యాసెట్లోనూ పేరొచ్చే చోటల్లా టేపు ఆపి, ఆ రెండు మూడు సెకన్లూ నేను హార్మోనియం మీద ఒకే స్వరం పట్టుకుంటే, అన్న దాని మీద ఎక్కించాడు. గొంతు ఆగి ఒట్టి స్వరం మిగులుతుంది. పని పూర్తయ్యాక ఎవరివి వాళ్లకు తిరిగిచ్చాం. మాకు తెలియకుండా ఆ ప్రయాణంతోనే బ్యాండు కూడా అయిపోయింది. గార్ల అన్నకు ఆ క్యాంపులో పని దొరికింది. పోయేటప్పుడు నగారా తీసుకుపోయాడు, రైలు పట్టా ముక్క మాకు వదిలేశాడు. నేను శోకాలు రాసుకోవడం మానేశాను. అవ్వ వెంట మాత్రం పోతూనే ఉన్నాను, ఆమె రమ్మంటేనే. మొదటి రెండు నెలలు రమ్మనలేదు.

ఎనభై అయిదులో కొత్త రేషను కార్డులు రాయడానికి వీధిలోకి మనుషులొచ్చారు. పాత కార్డులో అవ్వ పేరు కింద కొడుకు పేరు అలాగే ఉంది. రాసే అతను తలెత్తకుండానే, ఈ రెండో మనిషి ఎక్కడమ్మా అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. పట్నం పోయిండు, వస్తడు అని అన్ని సార్లూ చెప్పే జవాబే చెబుతుందనుకున్నాను. అవ్వ వంగి ఆ కార్డు వైపు చూసింది. తర్వాత, "లేడు, తీసెయ్యి" అంది. అతను కలంతో గీత కొట్టి పక్కింటికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె మా అన్న దుకాణానికొచ్చి మిల్లు తాళం తీయమంది. నిచ్చెన మీద ఒక్కో మెట్టే దిగింది, వద్దన్నా వినలేదు. అన్న గిటారు తీయబోతే చేత్తోనే వారించింది. నన్ను హార్మోనియం మీద ఆ ఒక్క స్వరం పట్టుకొమ్మంది. అప్పుడు కొడుకు పేరు పెట్టి పిలిచి, మొదలుపెట్టింది. అతని చిన్నప్పటి గజ్జి, పరీక్ష తప్పిన సంగతి, పుల్లగా ఉందని వదిలేసిన మజ్జిగ, ఏదీ వదల్లేదు. వాటిలో ఒక్కటి కూడా మా పాటలో లేదు. నా పక్కనే రికార్డరు ఉంది. అన్న దాన్ని చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం ముట్టుకోలేదు. ఆ శోకం ఎంతసేపు సాగిందో చెప్పమంటే చెప్పలేను. తొట్టిలో నీడ ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి పోయింది, నా వేళ్లు తిమ్మిరెక్కాయి. పదహారేళ్లు ఆగి వచ్చిన ఏడుపది, అది ముగియాలని మాకెవరికీ తొందర లేదు.