కంప దొడ్డి, నా తుమ్ములు

శివరాత్రి పోయి ఉగాది వచ్చేలోగా నా ముక్కుకు పిచ్చి పడుతుంది. ఇదే ముక్కుతో వయసులో ఉన్నప్పుడు శెనక్కాయ కట్టె దులిపినాను, దుమ్ములో కుప్పలు నూర్చినాను, ఒక్క తుమ్ము ఎరగను. చేను సోలారుకు బాడుగకిచ్చిన తర్వాతే ఈ రోగం మొదలైంది. తెల్లారగట్ల లేస్తూనే తుమ్ములు కాదు, ఫిరంగులు. దొడ్లో పండుకున్న గొర్రెలన్నీ బెదిరి లేచి నిలబడేవి. కళ్లు ఉబ్బి నీళ్లు కారేవి. పోయినేడు రొమ్ములో పిల్లికూతలు కూడా మొదలైనాయి.

దీనికంతా ఆ అద్దాలే కారణమని ఊరంతా చాటినాను. సోలారు పలకల్ని మేం అద్దాలనే అంటాం. టీ అంగడిలో నేను నోరు తెరిస్తే జనం గ్లాసులు తీసుకుని పక్కకు జరిగేదాకా వచ్చింది.

"అద్దాలతో తుమ్ములొస్తే, రోజూ వాటిని కడిగేటోళ్లకు రావాల కదప్పా ముందు?" అన్నాడొకడు.

నేను గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేసినాను. వాడిమీద ఇంకా కోపం ఉండాది.

నా భార్య అద్దాల జోలికి పోలేదు, గొర్రెల్ని పట్టుకుంది. "ఆ బొచ్చు పక్కన మంచమేసుకుని పండుకుంటే రొమ్ము పట్టక ఏమైతాది? ఉగాదికి ముందే అమ్మేయ్."

అమ్మితే నాకేం మిగులుతాది? చేను కంచెకు అవతల పడింది. పొద్దున లేచి కట్టె చేతబట్టుకుని బయటికి పోయేందుకు ఆ గొర్రెలొక్కటే నాకు సాకు. అయినా ఊపిరి అందక మంచం మీద లేచి కూర్చున్నప్పుడు నాకూ భయమేసింది. సరేనన్నాను. ఆమె బేరగాడికి కబురు పెట్టింది.

అంతకు ముందే పావగడ ఆసుపత్రికి పోయినాను. నేను బడికి పోయింది రెండో తరగతి దాకే. తక్కిన చదువంతా అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలే నేర్పినాయి. ఆ గర్వంతోనే డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆమె వీపుకు గొట్టం పెట్టి విని, "తాతా, నువ్వు పండుకునే చోట చుట్టుపక్కల ఏం పూలున్నాయి?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. "పూలా? తాగే నీళ్లకే గతి లేదు, పూలతోట యాడిదమ్మా మాకు? ఆ మాట బెంగుళూరోళ్లని అడుగు."

"కోపం తుమ్ములకు మందు కాదు తాతా," అని నవ్వి, మాత్రలూ పీల్చే మందూ రాసిచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకోమంది, బయటి నుంచి రాగానే మొహం కడుక్కోమంది. మందుతో కొంచెం తగ్గింది కానీ కూత పోలేదు.

బేరగాడు వచ్చేలోగా గొర్రెలు చిక్కిపోకూడదు కదా. మా ఊళ్లో మేత అయిపోయింది. నిడుగల్లులో మా అక్క ఉంటుంది, అక్కడ కొండ కింద ఇంకా గడ్డి ఉందని తెలిసి మందను తోలుకుపోయినాను. బావ దొడ్డికి చుట్టూ రాతి గోడ. గొర్రెల మధ్యనే చాప వేసుకున్నాను. ఒక పిల్ల నా వీపుకు ఆనుకుని నిద్రపోయింది.

తెల్లారి కళ్లు తెరిస్తే బావ నామీదికి వంగి చూస్తున్నాడు. "ఏం బామ్మర్దీ, కూత లేదు, తుమ్ము లేదు, పోయినావేమో అనుకున్నా."

నేను ముక్కు తడుముకున్నాను. పొడిగా ఉంది. ఉన్న రోజులన్నీ అట్లే ఉంది. గొర్రెలు అవే, బొచ్చూ అదే. "చూసినావా, ఈడ అద్దాలు లేవు!" అని బావ మీద గెలిచినట్టు అరిచినాను.

ఆ గెలుపు ఇంటిదాకా కూడా నిలవలేదు. ఊరికి తిరిగొచ్చి, మందను మా దొడ్లోకి తోలడానికి అడ్డం పెట్టిన కంపను పక్కకు లాగినాను. తువ్వాల మీద పచ్చటి పొడి రాలింది. వెంటనే తుమ్ము. ఇంకొకటి. ఆ కంపను అప్పుడు చూసినాను, కళ్లు తుడుచుకుని సరిగ్గా.

మా పక్క ఏటేటా శివరాత్రికి దొడ్డి కంప మారుస్తాం. ఇదివరకు చేని గట్ల మీది ఎండు రేగుకంప తెచ్చేవాణ్ణి. అద్దాలు వేసేందుకు గట్లు చదును చేసినాక సోలారు కంచె పక్కన బలిసిన సీమజాలే దిక్కు, సర్కారు తుమ్మ అంటారే అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే అది పూస్తుంది, పురుగుల్లాంటి పచ్చటి పూత. దేవుడికి పెట్టం, తల్లో పెట్టుకోం, దాన్ని పువ్వని ఎవరనుకుంటారు? ఆ పూత కొమ్మల్నే నరికి తెచ్చి, కుక్కలు రాకుండా దొడ్డి చుట్టూ పేర్చి, కావలికని నా మంచం తలవైపు దానికే ఆనించినాను. రాత్రంతా ఆ పుప్పొడే పీల్చినాను. డాక్టరమ్మ అడిగింది ఇదే.

ముక్కుకు గుడ్డ బిగించి ఆ సాయంత్రమే కంపనంతా ఊరి బయటికి ఈడ్చినాను. నా భార్య వెనకనే వస్తూ, "ఇన్నాళ్లూ తలకింద పెట్టుకుని పండుకున్నావు కదయ్యా!" అని దారి పొడుగునా నవ్వింది. దొడ్డికి వల కట్టినాం. బేరగాడు వచ్చినప్పుడు ఆమే ఎదురుపోయి, "పో నాయనా, ఈయప్ప ముక్కు బాగైంది, గొర్రెలు అమ్మేది లేదు," అని పంపేసింది. నేను పాక వెనక నిలబడి విన్నాను. గుండె మీద నుంచి బండ దిగినట్టయింది.

సీమజాలి ఊరంతా ఉంది, గాలిని ఆపలేను. ఈ ఏడూ కొన్ని తుమ్ములు వచ్చినాయి. పూత మొదలు కాకముందే మాత్రలు తెచ్చుకున్నాను, కంచె పక్కకు మందను తోలడం మానేసినాను. పిల్లికూత రాలేదు. అద్దాల తప్పేమీ లేదని మాత్రం టీ అంగట్లో నేను ఒప్పుకోలేదు. నా గట్లు చదును చేసింది ఎవరి కోసం మరి?

నా తుమ్ము వినపడక మొన్న తెల్లారినా గొర్రెలు లేవలేదు. నేనే అదిలించి లేపినాను.