బాబాయి ఐదో రంగు

లోకమంతా నాలుగు రంగులతో సరిపెట్టుకున్నా, మా ప్రెస్సులో పేజీలు కట్టే బాబాయికి మాత్రం ఐదోది లేనిదే ముద్ద దిగదు.

నీలం, గులాబీ, పసుపు, నలుపు. ఈ నాలుగు సిరాలూ చుక్కలు చుక్కలుగా పడితే చాలు, ఏ రంగైనా వస్తుంది. మా మిషను కూడా ఆ నాలుగింటికే. బాబాయి మాత్రం కంప్యూటర్లో ఏదో ఒక రంగుకు ‘విడి సిరా’ అని గుర్తు పెట్టేస్తాడు. రంగుకొక అచ్చు ప్లేటు కాబట్టి, దాంతో ఐదో ప్లేటు తయారు. అచ్చయిన కాగితాలన్నీ మళ్ళీ మిషనెక్కాలి. ఆ ఐదో సిరాను గాజుపలక మీద కత్తితో కలిపి చావాల్సింది నేను. నా ఉద్యోగమే అది.

చెప్పుల దుకాణం కరపత్రమైనా అంతే, డాక్టరుగారి చీటీల పుస్తకమైనా అంతే. ఒకసారి బడి క్యాలెండరులో ఒకే నీలానికి ‘ఆకాశం’ అనీ ‘ఆకాశం రెండు’ అనీ రెండు పేర్లు పెట్టాడు. పేర్లు రెండైతే కంప్యూటరుకు రంగులూ రెండేనట. ఆరు ప్లేట్లొచ్చాయి. ఒకే నీలాన్ని రెండుసార్లు కలిపాను. ఆ చేతులతో కంచం ముట్టుకోవద్దని మా ఆవిడ వారంపాటు చెంచా చేతికిచ్చింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. యజమాని అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఉండబట్టలేక అడిగాను.

“బాబాయ్, ఒక్క మీట నొక్కితే ఆ రంగు నాలుగింట్లో కలిసిపోతుందట కదా?”

“కలిసిపోతుందిరా.”

“మరి నొక్కవేం?”

“వేలు నొప్పి.”

ఈ మనిషితో వేగడం నా వల్ల కాదని ఆ రోజే ఆశ వదులుకున్నాను.

పోయిన నెల బాబాయి జ్వరంతో మంచమెక్కాడు. బదులుగా వచ్చిన అమ్మాయి టకటకా ఆ మీట నొక్కేసింది. అన్నీ నాలుగు రంగులే. మొదటి రోజు హాయిగా కునుకు తీశాను. మూడో రోజుకల్లా ఊరికే కత్తి తుడుస్తూ కూర్చున్నాను. ఆరో రోజు యజమాని వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయనెప్పుడూ కూర్చోడు.

“రెండేళ్ళ కిందటే నిన్ను మానిపించేద్దామనుకున్నాను. బాబాయితో అన్నాను కూడా. అదేంటో, ఆ మర్నాటి నుంచి ప్రతి పనిలోనూ ఐదో రంగే. కలిపేవాడు కావాలి కదా అని ఊరుకున్నాను. ఇప్పుడదీ లేదు. రేపట్నుంచి...”

ఇంట్లో ఏం చెప్పాలన్న దిగులు ఒకటి. రెండేళ్ళుగా ఎవరిని తిట్టిపోశానో తెలిసొచ్చిన సిగ్గు ఇంకొకటి. ఏడుపొచ్చింది.

యజమాని మాట పూర్తికాలేదు. మెడకు మఫ్లరు చుట్టుకుని, దగ్గుతూ బాబాయి వచ్చాడు. చేతిలో బిస్కెట్ల కంపెనీ ఆర్డరు. ఏడాది పొడుగునా డబ్బాల మీద రంగు ఇసుమంత కూడా మారకూడదు, మూడు విడి సిరాలు వాడాల్సిందేనని కంపెనీవాళ్ళే రాసి సంతకం పెట్టారు. మంచంలోంచే ఫోన్లు చేసి ఒప్పించాడట. యజమాని దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, స్టూలు పక్కకు నెట్టి వెళ్ళిపోయాడు.

“నాలుగూ మూడూ ఏడు. నా చేతులేం కావాలి బాబాయ్?” అన్నాను.

“ఆరు రోజులు ఖాళీగా కూర్చున్నావుగా. కానియ్,” అన్నాడు బాబాయి.

తిట్టుకుంటూనే కత్తి అందుకున్నాను.