హెల్తీ కరెక్షన్

ఆఫీసులో ఆయన్ని చాటుగా కరెక్షన్ గారు అనేవారు. జనం దాచుకున్న డబ్బును షేర్లలో పెట్టించే సలహాదారు ఆయన. పాతికేళ్ల సర్వీసులో "పడిపోయింది" అన్న మాట ఆయన నోటి వెంట రాలేదు. షేరు ధర పడితే కరెక్షన్, ఇంకా పడితే హెల్తీ కరెక్షన్, పాతాళానికి పోతే సువర్ణావకాశం. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం కూడా అదే: "క్లయింటు దగ్గర 'పోయింది' అనకూడదు. డబ్బు పోతే మళ్లీ వస్తుంది, క్లయింటు పోతే రాడు."

ఇంట్లోనూ అదే వరస. కొడుకు లెక్కల పరీక్ష తప్పితే "ఈ క్వార్టర్ కాస్త వీక్" అన్నాడు. నెత్తిన జుట్టు ఊడిపోతుంటే కన్సాలిడేషన్, అంటే సర్దుకుంటోంది అన్నాడు. "మరి నా వంట సంగతేమిటి?" అని భార్య అడిగితే, "లాంగ్ టర్మ్‌లో బావుంటుంది" అన్నాడు. ఆ పూట ఆయన ముందుకు కంచం రాలేదు.

ఆయనకో అక్క. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధి మలుపులో సొంత దుకాణం తెరవాలని ఆవిడ ఆశ. అందుకోసం కూడబెట్టిందంతా తమ్ముడి మాట మీద ఒక కంపెనీ షేర్లలో పోసింది. ఆ కంపెనీ కాస్తా బోర్డు తిప్పేసింది. తమ్ముడు మాత్రం ఫోనులో, "చిన్న కరెక్షనక్కా, హెల్తీయే" అంటూ వచ్చాడు.

ఇక దాచి లాభం లేదనుకుని ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాడు. గుమ్మం ముందు వ్యాను ఆగి ఉంది. ఇద్దరు మనుషులు మోటారు మిషనును అందులోకి ఎక్కించి తాళ్లు బిగిస్తున్నారు.

"ఇదేంటక్కా?"

"అమ్మేశాన్రా. కాలితో తొక్కే పాతది ఉందిగా, కొన్నాళ్లు దాంతోనే లాగుతా. తగ్గినప్పుడే ఇంకా వెయ్యాలని నువ్వేగా అంటావు! ఇదిగో, ఈ డబ్బు కూడా అందులోనే వేసెయ్."

ఆయన నోట్లు అందుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తొందరెందుకక్కా? మార్కెట్ సెంటిమెంటు అంత బాగాలేదు."

"నాకే సెంటిమెంటూ లేదు. మిషనేగా."

"అది కాదు, ఫండమెంటల్స్ ఓసారి రివ్యూ చేసి..."

"నువ్వు రివ్యూ చేసేలోపు రేటు పెరిగిపోతే?"

ఆ మాట ఆయనదే. ఎవరైనా వెనకాడితే వాళ్ల మీద ప్రయోగించే అస్త్రం. అదిప్పుడు తిరిగొచ్చి ఆయనకే తగిలింది.

వ్యాను కదిలింది. ఆయన చెప్పులు వదిలేసి దానికి అడ్డంగా పరిగెత్తాడు. "ఆపండి! పోయిందక్కా! డబ్బంతా పోయింది! అసలు కంపెనీయే లేదు!"

వీధి వీధంతా విన్నది. ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. కొన్నవాడి డబ్బు వాడికి తిరిగిచ్చి, బతిమాలి మిషను దింపించుకుంది. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లాక కుర్చీలో కూలబడింది.

"నీకెప్పట్నించి తెలుసురా?"

"రెండు క్వార్టర్ల..." నాలిక్కరుచుకున్నాడు. "ఆరు నెలలక్కా."

ఆవిడ మిషను మీద చెయ్యి వేసింది.

"ఫోను పెట్టేసిన ప్రతిసారీ నా తమ్ముడు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకునేదాన్ని. పోయిందని అప్పుడే చెప్పినా పెట్టుకునేదాన్నిరా."