చెప్పులు చేత పట్టని వంశం

ఆ రోజుల్లో మా వంశానికి మిగిలిన స్థిరాస్తి నా వెన్నెముక ఒక్కటే. పొలాలు కోర్టుల్లో కరిగిపోయాయి. తనకల్లు దగ్గరి మా పాత ఇల్లు వానలు లేకుండానే కూలిపోయింది (అంత నేర్పు మా ఇంటికే ఉంది). ఒకప్పుడు దాని ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి, చేత పట్టుకుని నడిచేవారట. నాయన ఈ సంగతి అన్నంలో నెయ్యిలా రోజూ కలిపి పెట్టేవాడు. నెయ్యి మానేసిన తర్వాత కూడా సంగతి మానలేదు. అలా పెరిగిన నేను అనంతపురంలో చిన్న గుమాస్తాగా చేరినా, తక్కువ ఎత్తు గుమ్మాల్లోకి కూడా తల వంచకుండానే వెళ్లేవాణ్ణి. నుదుటి మీది మచ్చలే అందుకు సాక్ష్యం.

పెళ్లయిన మూడో వారంలో, అండమాన్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది మమ్మల్ని రమ్మన్నాడు. మా ఆవిడది గుత్తి. ఆ మూడు వారాల్లో ఆమె నాతో అన్నవి "ఊ", "సరేనండి", "అన్నం పెట్టేదా?" అంతే. నవ్వు ఊసే లేదు. ఆమెను ఒక్కసారి నవ్వించాలని నాకు ప్రాణం కొట్టుకునేది. అయితే అందుకు నా గొప్ప చూపించడం తప్ప మరో దారి తెలియదు. వీపుకు గాలి సిలిండరు కట్టి సముద్రం అడుగు చూపించే మనిషి ఒకడు అక్కడ ఉన్నాడనగానే, "బావిలో ఈదినవాణ్ణి, నాకిదెంత?" అన్నాను. (ఆ బావిలో నీళ్లు నా నడుము దాటి ఎన్నడూ లేవు.)

ఆ మనిషి మా కదిరివాడే. అందరూ కదిరి సాయిబు అనేవారు. ఒడ్డంతా నల్లటి రాళ్లు. మా ఆవిడ ఒక బండ మీద నిలబడి చూస్తోంది. సాయిబు నా వీపుకు సిలిండరు కట్టి, జాగ్రత్తలు మొదలుపెట్టాడు.

"అన్నా, ఈడ ఇసుక లేదు, అంతా పాకుడు రాయే. ఆ రబ్బరు రెక్కలు ఇప్పుడే కాళ్లకు తొడుక్కోవాకు, చేత పట్టుకో. అలలు గుంపుగా వస్తాయి. అవి పోయినాక నీళ్లు నెమ్మదిస్తాయి, అప్పుడు దిగల్ల. నా చెయ్యి పట్టుకో. అడుగెత్తాకు, కాళ్లు జరుపుకుంటా రా."

చేత పట్టుకోమన్న మాట తర్వాతివేవీ నా తలకెక్కలేదు. కాళ్లవి చేత పట్టుకోవడమా? "మా ఇంట్లో అది అలవాటు లేదు," అన్నాను, బండ దాకా వినపడేలా.

"ఎవరింటోళ్లన్నా మీరు?"

చెప్పాను.

"ఓ, ఆ పెద్దిల్లా! దాని గోడ రాళ్లతోనే మా మామ గొడ్లకొట్టం కట్టినాడు. మంచి రాళ్లన్నా!"

ఇక ఆగలేదు. రెక్కలు తొడుక్కుని, అతని చెయ్యి విదిలించి, నిటారుగా సముద్రంలోకి నడిచాను. రెండో అడుగుకు రెక్క రాళ్ల సందులో ఇరుక్కుంది. అప్పుడే అల వచ్చింది. వంగి ఉంటే మీది నుంచి పోయేదేమో. నిలబడ్డాను కాబట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టింది, నల్లటి ముళ్ల బంతుల్లాంటి ఏవో జీవాల మీద. నా కేక విని సాయిబు పరుగెత్తుకొచ్చాడు.

"లేవాకన్నా, మళ్లా పడతావు! నాలుగు కాళ్ల మీద రా!"

వచ్చాను. వీపున సిలిండరు, వెనక ఈడ్చుకొచ్చే రెక్కలు, పెద్ద తాబేలులా పాకుతూ ఆమె బండ దగ్గరికి చేరి తలెత్తాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు ఓడిపోయింది. మూడు వారాల నవ్వంతా ఒక్కసారే వచ్చింది.

మధ్యాహ్నమంతా నేను బోర్లా పడుకుంటే, గాజులకున్న పిన్నీసు తీసి ఆమె ముళ్లు లాగింది. "ఎన్నున్నాయి?" అన్నాను. "పల్లేరుకాయల చేనే ఉండాది. కదలాకండి!" అంది. అది ఆమె నాతో అన్న మొదటి పొడుగు మాట. తర్వాత మాటలు ఆగలేదు, ఈ రోజుకీ. తిరుగు ఓడలో నేను కూర్చోలేక నిలబడే వచ్చాను. ఎంత దర్జా మనిషో అనుకున్నారట పక్కవాళ్లు.

మొన్న తనకల్లు వైపు, ఎన్నాళ్లకో, గట్టి వాన పడింది. మా పాత ఇంటి జాగా ముందు మోకాలి లోతు బురద. నేను చెప్పులు విడిచి, చేత పట్టుకున్నాను. రెండో చెయ్యి మా ఆవిడ చేతిలో ఉంది.

"అడుగెత్తాకండి," అంది ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ, "కాళ్లు జరుపుకుంటా రాండి."