కొలత పడని దిబ్బలు

పందొమ్మిది వందల అరవై తొమ్మిది, వైశాఖం, మంగళవారం, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు. ఆ గంట నుంచి ఒక బరువు మోస్తున్నాను. బండి తోలి బతికినవాణ్ణి, బరువుల సంగతి నాకు తెలుసు. మెడ కాయకాస్తే ఎద్దుకు కాడి తెలియదంటారు. నాకు ఇన్నేళ్లయినా కాయకాయలేదు.

నువ్వెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాడికి చెప్పి ఉంటే, వాడు ఇంకెవరికి చెబుతాడోనని మిగతా బతుకంతా వాడి నోటి వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. యాభై దాటాక అక్షరాలు దిద్దాను. ఆ తరువాత ఊరివాళ్లకు అర్జీలు రాశాను, పెళ్లి పిలుపులు రాశాను. ఇది మాత్రం రాయలేదు. చెయ్యి ఇంకా తిరగలేదని సాకు చెప్పుకున్నాను. తిరిగి చాలా ఏళ్లయింది.

అప్పట్లో పార్వతీపురం దాటాక ఏజెన్సీ కొండల్లోకి రోడ్డు వేస్తున్నారు. కొండల్లో తుపాకులు మోగే కాలం అది. అడవిలో దళం, అడవి అంచున పోలీసు క్యాంపు. రోడ్డు పడితే జీపులు వస్తాయని దళానికి అనుమానం. రోడ్డు కూలీలు దళానికి అన్నం పెడుతున్నారని పోలీసులకు అనుమానం. మా జిల్లావాడు ఎవడూ ఆ పనికి పోలేదు. అందుకని గుత్తేదారు ఎక్కడో పాలమూరు నుంచి ఒక చిన్న గుంపును దింపాడు. వాళ్లదీ తెలుగే. అయినా వాళ్లు నోరు విప్పితే మావాళ్లు నవ్వేవారు, మేం మాట్లాడితే వాళ్లు తెల్లమొహం వేసేవారు. మా లెక్కలో వాళ్లు పరదేశులు. ఎలాంటి చోటికి వచ్చి పడ్డారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సంత నుంచి వాళ్లకు బియ్యం, ఉప్పు నా బండి మీద చేరవేసేవాణ్ణి. గుంపు మేస్త్రి కిష్టయ్యకు నేనంటే నమ్మకం. తవ్విన గోతుల మధ్యలో అక్కడక్కడా మట్టి దిబ్బలు ఎందుకు వదిలేస్తున్నారని ఒకసారి అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిబ్బే చూపిస్తుంది. పైనుంచి మట్టి పోసి ఎత్తు పెంచలేదనడానికి నెత్తిన పాత గడ్డిని అలాగే ఉంచుతారు. ఓవర్సీరు వచ్చి దాన్ని కొలిచి, ఎంత మట్టి తీశారో లెక్క కడతాడు. కొలత పడకముందే దిబ్బ కూలితే గుంపు చాకిరీకి కూలి ఉండదు. ఇదంతా నాకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఆ మంగళవారానికి ముందు సంతనాడు పోలీసులు నా బండి ఆపారు. ఉప్పు ఎక్కువగా ఉందేమని అడిగారు. కొండ మీద ఒక గూడేనికి నేను ఉప్పు అమ్మేవాణ్ణి. అక్కణ్ణుంచి అది దళానికి చేరేదనీ నాకు తెలుసు. నన్ను ఎవరూ కొట్టలేదు. కూర్చోమన్నారు, అంతే. గూడెం పేరు చెప్పేశాను. మర్నాడు ఆ గూడెంలో మగవాళ్లను పట్టుకుపోయారు. అప్పటినుంచి తుప్ప కదిలితే చాలు, నాకోసమే అనుకునేవాణ్ణి.

మంగళవారం నిజంగానే కదిలింది. కూలీలు జొన్నరొట్టెల మూటలు విప్పుతున్నారు. నేను బస్తాలు దింపుతున్నాను. దళం మనుషులు ముగ్గురు వచ్చారు. వాళ్ల నాయకుడు పోలినాయుడు, కొండ కింద మా పల్లపు ఊళ్ల మనిషే, సంతలో ముఖపరిచయం. నవ్వుతూనే అడిగాడు.

“ఏరా బండోడా, ఈలికి బియ్యం, పోలీసోలికి కబుర్లా? రెండు బాడుగలు ముడతన్నాయేటి?”

“నానేటి సెప్తాను బాబూ? నాకు సదువా, సంధ్యా?”

“కబుర్లు మొయ్యడానికి సదువెందుకురా? గూడెం పేరు ఎవుడో సెప్పినాడు. ఈ దారంట తిరిగేది నువ్వూ, ఈలూ. నువ్వు కాకపోతే మరెవుడు?”

నా చెయ్యి లేచింది. నేను లేపానా, అదే లేచిందా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. నేనే లేపాను.

“ఆ దిబ్బలు సూడండి. మజ్జిలో ఒదిలేసి నెత్తిన గడ్డుంచినారు. మొన్న జీపులో వొచ్చినాయన ఆటినే సూసి రాసుకున్నాడు. పోలీసోలికి ఆనవాళ్లు కాకపోతే ఏటివి?”

జీపులో వచ్చింది ఓవర్సీరు. వెంట కాపలాకు పోలీసులున్నారు. రెండు దిబ్బలు కొలిచి, మిగతావి మళ్లీ చూస్తానని పోయాడు. వచ్చిందీ నిజం, రాసుకున్నదీ నిజం. ఆ నిజాల మధ్యలో నా అబద్ధం పెట్టాను.

కిష్టయ్య నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు.

“గవి కొలతలకు పెట్టినయి అయ్యా. గీ అన్నకు ఎరుకే. జర చెప్పు అన్నా.”

పోలినాయుడు నా వైపు తిరిగాడు. “ఏరా, నీకు తెలుసునా?”

“నాకు తెల్దు బాబూ.”

“అయితే కూల్సెయ్,” అన్నాడు కిష్టయ్యతో. “ఆనవాళ్లు కానప్పుడు నీకేటి నొప్పి?”

కిష్టయ్య మొహంలో నవ్వు పోయింది. దిబ్బకు అడ్డంగా నిలబడ్డాడు.

“కొలత పడలే అయ్యా. కూలిస్తే మా గుంపు కష్టమంత మన్నుల గలుస్తది. కావాల్నంటే నన్ను కొట్టుండ్రి, గవి ముట్టకుండ్రి.”

ఇంకేం కావాలి వాళ్లకు? అతని తలగుడ్డతోనే చేతులు కట్టారు. అతని భార్య బాలమ్మ కాళ్ల మీద పడింది. అడిగి పంపేస్తామన్నారు. మర్నాడు పొద్దున్న వాగు ఒడ్డున శవం దొరికింది.

“తెలుసు” అని ఒక్క మాట అని ఉంటే? అప్పుడు వాళ్ల చూపు నా మీదికి తిరిగేది. నిజం. కానీ నన్ను తినేది ఆ భయం కాదు. అక్కడ నిలబడ్డది మా ఊరివాడైతే నా చెయ్యి లేచేదా? లేచేది కాదు. వాడి అన్నదమ్ములు నా గుమ్మంలోకి వచ్చి ఎందుకన్నావని అడిగేవారు. పాలమూరు నుంచి ఎవరొస్తారు? అడిగే దిక్కు లేనివాడని, అక్షరం ముక్క రాని నేను రెప్పపాటులో లెక్క వేసుకుని, ఆ మనిషిని ఎంచుకున్నాను.

ఊరికి తిరిగిపోయే గుంపును రైలు స్టేషనుకు నేనే చేర్చాను. బాడుగ వద్దన్నాను. మంచి మనసున్నవాడివని బాలమ్మ నాకు దండం పెట్టింది. పెట్టనిచ్చాను. ఆమె తమ్ముడు హన్మంతు మాత్రం దారి పొడుగునా నా వీపు వైపే చూశాడు. అతనికి తెలిసిందా? నాది అబద్ధమని పోలినాయుడికీ తెలుసా? ఉప్పు తెచ్చే బండివాడు పనికొస్తాడు, పరదేశి దేనికి పనికొస్తాడనుకున్నాడా? పోలినాయుడు పోయాడు, అడగడానికి లేడు. అతను లేడు కాబట్టే ఇప్పుడు రాస్తున్నానా? ఆ అనుమానం కూడా నాకుంది. తీర్చుకునే దారి లేదు.

క్షమించమని అడగను. ఎవరిని అడగాలో ఆ మనిషి వాగు ఒడ్డున పోయాడు. “తెలుసు” అన్న మాటను మాత్రం ఇవాళ నా చేత్తో రాశాను. రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. అంతే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: దళంలో పోలినాయుడు, గంగులు, సుక్కు. పాలమూరు గుంపులో సాయన్న, అతని భార్య ఎల్లమ్మ, నర్సింలు, హన్మంతు, బాలమ్మ, కిష్టయ్య. ఇంకొకడు బండివాడు. అందరి పేర్లూ రాశాను గాని, వాడి పేరు దగ్గర చెయ్యి ఆగిపోతోంది.