నీ క్యాపులు

బాప్తిస్మపు తొట్టి మీద చెక్కలు పరిస్తే అది మామూలు వేదికే. ప్రతి ఏటా చలికాలానికి ముందు స్త్రీల సమాజం ఆ చెక్కల మీదే మిషనరీకి పార్సిలు కట్టేది. ఏం పంపాలో చెప్పేవాళ్ళు కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. సూదీ దారం పట్టుకుని కింద కూర్చునేది ఒక్క మనిషే. ఆమెను సంఘంలో అందరూ మోకాలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది.

ఆమె దర్జీ. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కాలి మిషను. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, పాత ప్యాంట్లకి కొత్త జిప్పులు. మనిషిని నీళ్ళలో ముంచేటప్పుడు తెల్ల అంగీ పైకి తేలి పరువు తీయకుండా అంచు మడతలో సీసపు గుళ్ళు పెట్టి కుట్టేది కూడా ఆమే. ఈ సంగతి సంఘంలో చాలామందికి తెలియదు. అంగీ తేలలేదు కాబట్టి తెలుసుకోవలసిన అవసరం రాలేదు.

ఆ పేరు పదకొండేళ్ళ కింద వచ్చింది. దూరాన కొండల్లో మిషను ఆసుపత్రి నడుపుతున్న నర్సమ్మకి సమాజం అండగా నిలబడాలని తీర్మానించిన ఏడు అది. నర్సమ్మ రాసిన మొదటి ఉత్తరాన్ని సమాజం అధ్యక్షురాలు పైకి చదివారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. అక్షరాలు ఎవరు ఎలా రాసినా ఆవిడ చదివిందే అర్థం. ఉత్తరం చివర ఇలా ఉంది: "ఇక్కడ పని కష్టం. రాత్రింబవళ్ళు మోకాళ్ళ మీదే పోరాడుతున్నాను. జ్ఞాపకం చేసుకోండి."

హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాపం, మోకాలి జబ్బు," అన్నారు.

మోకాళ్ళ మీద అంటే ప్రార్థనలో అని ఆ గదిలో ఇరవై మందికి తెలుసు. వారం వారం వాళ్ళు అనే మాటే అది. కానీ హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు తుడుచుకున్నాక ఇంక ఎవరేం అంటారు.

ప్రార్థనాంశాలు పంచారు. కొండజనుల రక్షణ హెడ్మిస్ట్రెస్ గారే తీసుకున్నారు. ఆసుపత్రి కొత్త భవనం డాక్టరు గారి భార్యకి వెళ్ళింది. పాస్టరమ్మ గారు వర్షాలు తీసుకున్నారు. దర్జీ దాకా వచ్చేసరికి మోకాలు మిగిలింది.

"చిన్నదే అయినా శ్రద్ధగా చెయ్యమ్మా," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

ఆమె శ్రద్ధగానే చేసింది. రోజూ కుట్టుమిషను ఎక్కే ముందు నేల మీద మోకరించి ఆ మోకాలి కోసం ప్రార్థించేది. అక్కడితో ఆగకుండా మెత్తని ఫ్లానెల్ ముక్కలతో రెండు గొట్టాల్లాంటివి కుట్టింది. రెండు వైపులా తెరిచి, అంచుల్లో ఎలాస్టిక్ వేసి, మోకాలికి తొడుక్కుంటే వెచ్చగా ఉండేలా. మందుల షాపులో అలాంటివాటిని ఇంగ్లీషులో నీ క్యాపులంటారు. హెడ్మిస్ట్రెస్ గారు ఆ పేరే తన గుండ్రటి తెలుగు అక్షరాలతో చీటీ మీద రాసి పిన్నుతో గుచ్చారు.

రెండు నెలలకి జవాబు వచ్చింది. "మీరు పంపిన క్యాపులు అందాయి. ఈ చలిలో ప్రాణం నిలబెడుతున్నాయి. ఎన్ని పంపినా చాలవు. మేము మాత్రం ఇంకా మోకాళ్ళ మీదే."

"రెండో కాలికి కూడా పాకినట్టుంది," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

అప్పటినుంచి ఏటా రెండు డజన్లు. ఇంట్లో తాళాలు బాగుచేసే భర్త వాటిని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఆవిడ మనిషా, జెర్రా? ఎన్ని మోకాళ్ళు?"

"ఉతికితే మార్చుకోవద్దా?"

"పదకొండేళ్ళుగా నువ్వు అడుగుతున్నా ఆ మోకాలు కదలట్లేదంటే అది తుప్పు పట్టింది. నా దగ్గరికి పంపించు, నూనె వేస్తాను."

ఆమె నవ్వేది కాదు. కాలి మిషను తొక్కీ, గచ్చు మీద మోకరించీ ఆమె ఎడమ మోకాలే లేచేటప్పుడు చప్పుడు చేసేది. దాని గురించి ఆమె ఎప్పుడూ ప్రార్థించలేదు. అంశాల జాబితాలో అది లేదు.

పన్నెండో ఏట నర్సమ్మ సెలవు మీద వస్తున్నట్టు తెలిసింది. మిషనరీ ఆదివారం నాడు ఎవరి అంశం గురించి వాళ్ళు వేదిక మీద సాక్ష్యం చెప్పాలని నిర్ణయించారు. మంగళవారం కూడికలో హెడ్మిస్ట్రెస్ గారు దర్జీని పక్కకి పిలిచారు.

"చూడమ్మా, భవనం లేచింది. వర్షాలు పడ్డాయి. రక్షణ సాగుతోంది. ఒక్క మోకాలే మిగిలింది."

"నేను మానలేదండి ఒక్కరోజు కూడా."

"మానావని నేనన్లేదు. ప్రార్థించేవాళ్ళలో ఏదో లోటుంటే ఇలా జరుగుతుంది. ఆవిడ కుంటుతూ వస్తే సంఘం ఏమనుకుంటుంది? అలా వస్తే అంశాన్ని డాక్టరు గారి భార్యకి మారుద్దాం. ఏమీ అనుకోకు."

"ఆవిడకి భవనం ఉంది కదండీ."

"భవనం అయిపోయిందిగా. ఖాళీగానే ఉన్నారు."

ఆ వారమంతా ఆమె బట్టల కొలతలు రెండేసి సార్లు తీసుకుంది. పదకొండేళ్ళలో ఆమెకి ఆ సమాజంలో తనదంటూ ఉన్నది ఆ మోకాలొక్కటే. అది పోతే మళ్ళీ సూదీ దారమే. పైగా లోటు ఎక్కడుందో ఆమెకి తెలియడం లేదు. ఉదయాలు నేల మీద కూర్చుని వెతుక్కుంది. ఒకరు కుట్టమని ఇచ్చిన యూనిఫారం గుడ్డలో కాస్త మిగిలినా వాళ్ళకి చెప్పకపోవడం గుర్తొచ్చింది. ఆ మిగిలిన గుడ్డతో కుట్టింది కూడా నీ క్యాపులే.

ఆదివారం ఆరాధనకి గంట ముందు సమాజం పక్క గదిలో టీ కప్పులతో నిలబడి కిటికీలోంచి మెట్ల వైపు చూస్తోంది. అందరి చూపూ కింద నుంచే మొదలైంది. నర్సమ్మ ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చేసింది.

హెడ్మిస్ట్రెస్ గారు ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నారు. "ప్రభువు కార్యం. ఎప్పుడు తగ్గింది సిస్టర్?"

"ఏంటండీ?"

"మోకాలు."

"నాకా? మోకాలికేం?"

ఎవరూ టీ తాగడం లేదు. హెడ్మిస్ట్రెస్ గారు నెమ్మదిగా, తరగతిలో వెనక బెంచీకి చెప్పినట్టు, మోకాళ్ళ మీద పోరాటం గురించి చెప్పారు. నర్సమ్మ విని, "అది ప్రార్థన గురించండీ," అంది. తర్వాత గోడ మీది పటం వైపు తిరిగి కాసేపు దాన్ని పరీక్షగా చూసింది. ఆమె భుజాలు కదిలాయి.

హెడ్మిస్ట్రెస్ గారు తలుపు వేశారు. "ఇప్పుడు సంఘానికి ఇది చెప్పడం మంచిది కాదు. పదకొండేళ్ళ విశ్వాసం. మీకు ఎప్పుడో ఒకప్పుడు నొప్పి వచ్చే ఉంటుంది కదా సిస్టర్. గుర్తు తెచ్చుకోండి."

"ఏడో తరగతిలో సైకిలు మీంచి పడ్డాను."

"ఏ కాలు?"

"కుడిది అనుకుంటా."

"చాలు. అదే చెప్పండి. ఎప్పుడు పడ్డారో అక్కర్లేదు."

దర్జీ కప్పు కింద పెట్టింది. "మరి నేను పంపినవి ఏం చేశారండీ?"

"మీరేం పంపేవారు?"

"నీ క్యాపులు."

నర్సమ్మ ఆమెను ఇప్పుడు తేరిపార చూసింది. "అవి మీరు కుట్టినవా? మొదటి పార్సిలులో చీటీ చూసి నాకు కాస్త కోపం వచ్చిందండీ. 'నీ క్యాపులు' అని రాసుంది. ముఖపరిచయం లేని మనిషిని నీ అంటారా, మీ అంటే ఏం పోయింది అనుకున్నాను. సర్లే, పెద్దావిడ రాసుంటారని ఊరుకున్నా. పెట్టుకుందామంటే నా తలకి ఎక్కలేదు."

"తలకి పెట్టుకున్నారా," అన్నారు పాస్టరమ్మ గారు.

"క్యాపులంటే తలకే కదండీ. ఎక్కకపోతే ఆ వారం పుట్టిన పిల్లకి పెట్టాను. అతికినట్టు సరిపోయింది. పైన కన్నం ఉంటే దారంతో బిగించి ముడివేశాం."

ఆమె పెట్టె తెరిచి ఫొటోల కట్ట తీసింది. కొండ ఆసుపత్రి మంచాల మీద అప్పుడే పుట్టినవాళ్ళు, గుప్పిళ్ళు బిగించి, తల మీద ఫ్లానెల్ గొట్టాలతో, పైన ఉల్లిపాయ కొసలా ముడితో. ఒక దానిలో బూడిదరంగు యూనిఫారం గుడ్డ అంచు కనిపించింది. దర్జీ దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూసింది. కుట్టు తనదే.

"ఆ చలికి పసివాళ్ళకి తల కప్పడమే సగం వైద్యం," అంది నర్సమ్మ. "పార్సిలులో వచ్చేవాటిలో పనికొచ్చేవి ఇవే. కిటికీ తెరలు కూడా బాగుండేవి లెండి. మాకు కిటికీలు తక్కువ."

తెరలు పంపేది డాక్టరు గారి భార్య. ఆవిడ బిస్కెట్ల పళ్ళెం సర్దడం మొదలుపెట్టారు.

ఆరాధనలో సాక్ష్యాల వంతు వచ్చింది. రక్షణ పావుగంట పట్టింది. భవనం గదుల వారీగా సాగింది. చివర్లో హెడ్మిస్ట్రెస్ గారు మైకు ముందు వంగి, "ఇక మన సిస్టరు గారి మోకాలు. స్వస్థత. ఒక్క వాక్యం," అని దర్జీకి చోటిచ్చారు.

ఆమె వేదిక ఎక్కింది. ఎక్కేటప్పుడు ఎడమ మోకాలు చప్పుడు చేసింది, మైకు దాన్ని అందరికీ వినిపించింది. కాళ్ళ కింద తొట్టి చెక్కలు కదిలాయి. హెడ్మిస్ట్రెస్ గారు ముందు వరసలో కూర్చుని కళ్ళజోడు తీసి పట్టుకున్నారు.

"సిస్టరు గారి మోకాలికి ఏ జబ్బూ లేదండి, ఎప్పుడూ లేదు," అంది ఆమె. "పదకొండేళ్ళూ నేను తప్పు మోకాలి గురించి అడిగాను. నేను కుట్టినవి అక్కడి పసిపిల్లలు తలకి పెట్టుకుంటున్నారు."

మూడు వాక్యాలయ్యాయి. వెనక కునుకు తీస్తున్న డీకను గారు నిశ్శబ్దానికి మేల్కొని, సాక్ష్యం ముగిసిందనుకుని, గట్టిగా ఆమేన్ అన్నారు. దాంతో అందరూ అన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు కూడా అనక తప్పలేదు. ఆ సాయంత్రం ఆవిడ మినిట్సు పుస్తకంలో "మోకాలు: సంతృప్తికరం" అని రాశారు.

జనం వెళ్ళిపోతుంటే దర్జీ నర్సమ్మని గుమ్మం దగ్గర ఆపింది. సంచీలోంచి టేపు, పెన్సిలు తీసింది.

"పుట్టినరోజున తల చుట్టుకొలత ఎంతుంటుందండీ?"

"ముప్పై నాలుగు సెంటీమీటర్లు. అటూ ఇటూ."

ఆమె బల్ల మీద కూర్చుని, ఎడమ కాలు చాపి, బట్ట మీంచే మోకాలి చుట్టూ టేపు తిప్పి చదివింది.

"నాది ముప్పై ఆరు. ఇన్నేళ్ళూ ఈ కొలతతోనే కుట్టాను," అంది. "రెండు తగ్గించాలి. పైన నేనే మూసి కుడతాను, మీరు దారాలు కట్టకండి."

నర్సమ్మ ఆ మోకాలి వైపే చూస్తోంది. "ఇది ఎన్నాళ్ళనుంచి వాచి ఉంది?" అని వంగి, తన మోకాళ్ళు నేలకి ఆనించి, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"అబ్బే, దీని సంగతి వదిలేయండి," అంటూ దర్జీ అరచేతి మీద ముప్పై నాలుగు అని రాసుకుంది.