దావూద్ బండి పంపు

పూర్ణా మార్కెట్ వెనక పికప్పుల స్టాండులో ఫిర్దౌస్ గొంతు విన్నవాళ్లు తక్కువ. తెల్లారేసరికి సబ్బవరం నుంచి కూరగాయల లోడుతో వస్తుంది, దింపుతుంది, టీ గ్లాసు పట్టుకుని బండి మెట్టు మీద కూర్చుంటుంది. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతుంది. "ఆ గుంటకి నోట్లో నాలిక లేదర్రా, అల్లా దానికి రెండు జతల కళ్లిచ్చి నాలిక మర్సిపోయినాడు" అని ఎల్లాజీ నవ్వేవాడు. ఎల్లాజీ కూడా పికప్పు డ్రైవరే.

అతను ఎగతాళికి అన్నా అందులో నిజం ఉంది. ఆమె పదో తరగతి సగంలో ఉండగా తండ్రి దావూద్‌కి మొదటిసారి పక్షవాతం వచ్చింది. కోలుకున్నాడు గానీ ఒక్కణ్ణి బండి మీద పంపడానికి తల్లి మెహబూబ్ బీ ఒప్పుకోలేదు. అలా ఫిర్దౌస్ బడి మానేసి తండ్రి పక్క సీట్లో కూర్చుంది. మాట్లాడని పిల్ల ముందు మెకానిక్కులు ఏదీ దాచుకోరు. ఏ నట్టు ఎటు తిరుగుతుందో, ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో చూస్తూ నేర్చుకుంది. పద్దెనిమిది దాటాక లైసెన్సు తీసుకుంది.

ఆ బండికి కూడా దాదాపు ఆమె వయసే. సముద్రపు గాలికి తొట్టి అడుగు ఏటేటా తుప్పు పట్టేది, దావూద్ ఏటేటా గీకి రంగు వేసేవాడు. ఇంజను మాత్రం గట్టిది. దావూద్ తండ్రిది పూర్ణా మార్కెట్‌లో గిన్నెల మీద పేర్లు కొట్టే పని. పెళ్లికి కొన్న స్టీలు బిందె మీద చుక్కచుక్కగా పేరు కొట్టి, చివర పువ్వు చెక్కి ఇచ్చేవాడు. స్టీరింగు పట్టినా దావూద్ చేతిని ఆ ఉలి వదల్లేదు. ఇంజను నుంచి ఏ భాగమైనా విప్పే ముందు, మళ్లీ అదే చోట సరిగ్గా కూర్చోవడానికి మెకానిక్కులు రెండు భాగాల మీదా కలిపి ఒక గీత గీస్తారు. దావూద్ గీత గీసేవాడు కాదు. పువ్వు చెక్కేవాడు. ఇంజనుకి డీజిల్ అందించే పంపు దగ్గర చెక్కిన పువ్వుకి ఐదు రేకులు. మూడు ఇంజను మీద, రెండు పంపు మీద.

కిందటేడు వేసవిలో రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు దావూద్ మంచం పట్టాడు. "బండి ఎండలో ఊరికే ఎందుకు భాయ్, నా షెడ్డులో పెట్టండి, సర్వీసు సేసి ఉంచుతాను" అన్నాడు గాజువాక మేస్త్రి తిరుమలరావు. ఇరవై ఏళ్ల స్నేహం. దావూద్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నెల తర్వాత బండి ఇంటికి వచ్చింది. స్టార్టు చేస్తే వీధంతా నల్లటి పొగ.

తిరుమలరావు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "ఏటి సెయ్యమంటారు భాయ్! మీరెక్కడో డబ్బా డీజిల్ పోయించుకున్నారు కదా, అందులో కిరసనాయిలు కలిసిపోయినాది. పంపు లోపలంతా అరిగిపోయినాది. తూకానికి తప్ప పనికిరాదు. పాత పంపోటి ఎతికి బిగించినాను. నడిసినన్నాళ్లు నడుత్తాది."

డబ్బా డీజిల్ మాట నిజమే. ఒకసారి దారిలో డీజిల్ అయిపోతే దావూద్ ఎవరి దగ్గరో రెండు లీటర్లు పోయించుకున్నాడు. ఆ రోజు సాయంత్రం మేస్త్రికి తనే చెప్పాడు. ఇప్పుడు అదే అతని మెడకు చుట్టుకుంది.

"నా చేత్తో నేనే పాడు చేసుకున్నాను బేటీ" అనేవాడు. పడిపోయిన కుడిచెయ్యిని ఎడమచేత్తో కొట్టుకునేవాడు. అన్నం తినమంటే బండి మాట, మందు వేసుకోమంటే బండి మాట. వానలు మొదలవకముందే పోయాడు. చివరిదాకా ఆ తప్పు తనదేనని నమ్మాడు.

నలభయ్యో రోజు దాటినా తల్లిని ఒంటరిగా వదల్లేక, దసరా కూడా వెళ్లాక బండి స్టాండుకి తెచ్చింది ఫిర్దౌస్. ఆ వారంలోనే ఒక సంగతి కనిపెట్టింది. ఇదివరకు అందరికంటే ఎక్కువ పొగ వదిలేది ఎల్లాజీ బండి. ఇప్పుడు దాని వెనక గొట్టంలో పొగ లేదు. ఎల్లాజీ తిరుమలరావు అక్క మొగుడు. తన బండికి పట్టిన పొగ ఎవరిదో ఫిర్దౌస్‌కి అర్థమైంది.

అర్థమైతే చాలదు కదా. ఎవరితో చెప్పాలి? చెబితే ఎవరు నమ్ముతారు? ఒకరోజు రేడియేటర్‌లో నీళ్లు పోయడానికి ఎల్లాజీ బానెట్ ఎత్తాడు. ఫిర్దౌస్ గ్లాసు పట్టుకుని అటుగా నడిచి ఓరకంట చూసింది. పంపు మీద గ్రీజు, దుమ్ము, పోర్టు బొగ్గు నలుపు కలిసి పెచ్చు కట్టి ఉన్నాయి. కింద పువ్వున్నా కనబడదు. గోకడానికి వీల్లేదు. తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుని ఆలోచించింది. పికప్పు డ్రైవరు బానెట్ ఎత్తి, ఇంజను తోమి, నలుగురికీ చూపించే రోజు సంవత్సరానికి ఒక్కటే. దసరా. ఆ ఏడాది దసరా అప్పటికే వెళ్లిపోయింది.

సరే అనుకుంది. పదకొండు నెలలు ఆగింది.

ఆ పదకొండు నెలలూ అరిగిన పంపుతోనే బండి నడిపింది. వారానికోసారి ఎయిర్ ఫిల్టర్ దులిపేది. డీజిల్ ఫిల్టర్ గడువుకి ముందే మార్చేది. ఆదివారాలు బండి కింద పాత గోనె పరుచుకుని పడుకుని ప్రతి జాయింటుకీ గ్రీజు పెట్టేది. ఎంత చేసినా సబ్బవరం దారిలో ఎత్తు వస్తే బండి రెండో గేరులో ఆయాసపడేది. మార్కెట్‌కి ఆలస్యమయ్యేది. వంకాయల లోడు ఎల్లాజీకి పోయింది. తర్వాత టమాటాలూ పోయాయి. "కట్టెల పొయ్యి వొచ్చినాదర్రా, కళ్లు మూసుకోండి!" అని స్టాండులో కేకలేసేవారు. తిరుమలరావు ఎదురుపడితే జాలిగా "ఏటమ్మా, నడుత్తందా బండి?" అనేవాడు. ఫిర్దౌస్ తల ఊపేది. ప్రతి ఊపునీ లోపల దాచుకునేది.

మొన్న దసరా నాడు స్టాండు ముందు పద్నాలుగు బండ్లు వరసగా నిలిచాయి. బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, ఎత్తిన బానెట్లు. అందరికంటే ముందు ఎల్లాజీ బండి. ముందురోజంతా బ్రష్షు పట్టుకుని డీజిల్‌తో ఇంజను తోమాడు. పంపు అద్దంలా ఉంది. ఆ స్టాండు ఆచారం ఏమిటంటే, మేస్త్రే ప్రతి ఇంజనుకీ పసుపు, కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొడతాడు. బండ్లవాళ్లు మేస్త్రికి కొత్త బట్టలు పెడతారు. దావూద్ కూడా ఏటా పెట్టేవాడు. ఆ రోజు స్పానర్లన్నీ పూజలో ఉంటాయి, ఎవరూ ముట్టరు.

ఫిర్దౌస్ చివర్న బండి ఆపి దిగింది. ఎల్లాజీ బండి పక్క నుంచి నడుస్తూ పంపు వైపు ఒక్కసారి చూసింది. నేరుగా తిరుమలరావు దగ్గరికి వెళ్లి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ ఉన్న కవరు చేతిలో పెట్టింది.

మేస్త్రి ముఖం వెలిగింది. "సూసినారా! దావూద్ భాయ్ లేకపోయినా పిల్ల ఆచారం తప్పలేదు."

"మేస్త్రీ, మా పంపు ఏమైంది?" అంది ఫిర్దౌస్.

స్టాండు పెద్ద శ్రీరామ్మూర్తి తల తిప్పి చూశాడు. ఆమె అంత పెద్ద వాక్యం మాట్లాడగా వినడం ఆయనకు అదే మొదలు.

"ఇప్పుడెందుకమ్మా ఆ మాట, పండగ పూట?"

"అందరూ ఉన్నారు కదా. మా అబ్బా ఏం తప్పు చేశాడో వాళ్లకీ తెలిస్తే జాగ్రత్తగా ఉంటారు."

అది తిరుమలరావుకి నచ్చింది. పదిమందికి చెప్పే అవకాశం వస్తే మేస్త్రి వదులుకోడు. గొంతు సవరించుకున్నాడు. "అవునర్రా, ఇనండి. డబ్బా డీజిల్ పోసినారా, అయిపోనారే! దావూద్ భాయ్ బంగారంలాంటి మనిసి, ఒక్క తప్పు సేసినాడు. పంపు లోపల ముక్కలు ముక్కలు. నా సేతుల్తో నానే తీసుకెళ్లి పాతసామాన్లోడికి ఏసీసినాను. నా ముందే సుత్తితో పగలగొట్టినాడు."

"పగలగొట్టాడా?"

"పొడి పొడి సేసీసినాడమ్మా!"

ఫిర్దౌస్ శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. "బాబాయ్, ఒకసారి ఎల్లాజీ బండి పంపు అంచు మీద ఏముందో చూడు. తర్వాత నా ఇంజను మీద ఏముందో చూడు."

శ్రీరామ్మూర్తి కళ్లజోడు పెట్టుకుని వంగాడు. కుంకుమబొట్టు పక్కన పంపు అంచు మీద రెండు రేకులు. చుక్కచుక్కగా, బిందె మీద చెక్కినట్టు. పంపు అంచుతో పువ్వు తెగిపోయింది, ఆ ఇంజను మీద మిగతా సగం లేదు. ఆయన వరస చివరికి నడిచాడు. వెనకే అందరూ నడిచారు. ఫిర్దౌస్ ఇంజను మీద మూడు రేకులున్నాయి. పక్కనున్న పంపు అంచు బోడిగా ఉంది.

"ఇది దావూద్ సెయ్యే" అన్నాడు శ్రీరామ్మూర్తి. "మా ఇంట్లో బిందె మీద వాళ్ల అయ్య కొట్టిన పువ్వూ ఇలాగే ఉంటాది. పొడి పొడి అయిపోయిన పంపు ఎల్లాజీ బండిలోకి ఎలా ఎగిరొచ్చినాదిరా తిరుమలరావూ?"

ముందుగా అరిచింది ఎల్లాజీ. "ఓరి నీ దుంప తెగా! 'హైదరాబాదు నుంచి తెప్పించినాను బావా, కొత్తదాంతో సమానం' అని నాకు అంటగట్టినావు కదరా! దొంగపంపుకి నా సేత దణ్ణం పెట్టించినావురా!"

ఎవరో నవ్వారు. నవ్వు వరసంతా పాకింది. తిరుమలరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయిపోయిందేదో అయిపోయినాది. ఇవాళ పనిముట్లు ముట్టకూడదు కదా. రేపు షెడ్డుకి తీసుకురామ్మా, నానే మార్సి పెడతాను."

"మీ స్పానర్లకి పండగ మేస్త్రీ. నా స్పానర్లకి కాదు" అంది ఫిర్దౌస్.

సీటు కింద నుంచి తండ్రి సంచీ తీసింది. దండ పక్కకు జరిపి ఎల్లాజీ బానెట్ కిందకి వంగింది. ఆపుతాడేమోనని శ్రీరామ్మూర్తి వైపు చూశారు కొందరు. ఆయన టీ తెప్పించుకుని కుర్చీ వేసుకున్నాడు. పైపులు విప్పింది, నట్లు విప్పింది, పంపు రెండు చేతుల్తో లాగి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తన బండి దగ్గరికి తెచ్చింది. అరిగిన పంపు విప్పి మేస్త్రి కాళ్ల ముందు పెట్టింది. గంటన్నర పట్టింది. మేస్త్రి వెళ్లిపోబోతే ఎల్లాజీ చొక్కా పట్టుకుని నిలబెట్టాడు.

"పంపు టైమింగ్ పెట్టడం పిల్లలాట కాదు, సూడండి మీరే" అని గొణిగాడు తిరుమలరావు.

ఫిర్దౌస్ పంపుని వేలెడంత తిప్పింది. రెండు రేకులు మూడు రేకుల పక్కకొచ్చి ఐదైనప్పుడు నట్లు బిగించింది. డీజిల్ ఫిల్టర్ మీది చిన్న చేతిపంపు కొట్టి, డీజిల్లో బుడగలు పోయేదాకా గాలి తీసింది. తాళం తిప్పింది. మొదట దగ్గింది. రెండోసారి అందుకుంది. అందరూ వెనక గొట్టం వైపు చూశారు. తెల్లగా ఒక పీలిక వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు.

ఆమె దిగి వచ్చింది. మోచేతుల దాకా నలుపు. మేస్త్రి చంకలో ఉన్న కవరు లాగి, కొత్త చొక్కా గుడ్డ విప్పి, అందరూ చూస్తుండగా నెమ్మదిగా ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"మా అబ్బా డీజిల్ వల్ల పంపు పాడైందా మేస్త్రీ?"

"లేదు" అన్నాడు తిరుమలరావు నేల చూస్తూ.

"నాకు కాదు. వాళ్లకి చెప్పండి. గట్టిగా."

"దావూద్ భాయ్ తప్పేటీ లేదు. పంపు బాగానే ఉన్నాది. నానే... నానే మార్సీసినాను."

ఎవరూ నవ్వలేదు. ఆ గుడ్డని అరిగిన పంపు మీద పడేసి ఫిర్దౌస్ బండెక్కింది.

ఇంటికి వెళ్లి తల్లికి చెప్పింది. మెహబూబ్ బీ చాలాసేపు ఏడ్చింది, ముఖం కడుక్కుంది. "ఆయన పేరు కడిగావు. ఇక వాణ్ణి అల్లాకి వదిలెయ్ బేటీ. మనసులో పెట్టుకోకు" అంది. ఫిర్దౌస్ తల ఊపింది.

కానీ మంచం మీద తండ్రి తన చెయ్యిని తానే కొట్టుకోవడం చూసినవి ఆమె కళ్లు. ఆ మాట ఆయన వినకుండానే పోయాడు. స్టాండంతా విన్నా ఆ ఒక్కడూ వినలేదు. అది తల ఊపితే పోయేది కాదు.

ఇప్పుడు వంకాయల లోడు మళ్లీ ఆమెదే. మధ్యాహ్నం ట్రిప్పుకి ఖాళీ బండితో సబ్బవరం వెళ్లేటప్పుడు తిన్నని దారి వదిలి గాజువాక మీదుగా చుట్టు తిరిగి వెళుతుంది. తిరుమలరావు షెడ్డు ముందు ఇదివరకటిలా బండ్లు లేవు. ఒకటో రెండో ఉంటాయి. ఆ షెడ్డు ముందుకి రాగానే క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా నొక్కుతుంది. ఇంజను గొంతెత్తుతుంది, గొట్టంలో పొగ ఉండదు. బానెట్ కింద తల పెట్టుకున్న మనిషి చేతులు ఆగిపోతాయి. తల మాత్రం ఎత్తడు.

రోజుకి అర లీటరు దండగ అని ఆమెకు తెలుసు. అయినా మర్నాడు మళ్లీ అటే తిప్పుతుంది.